'రైట్' అన్న పాపానికి

నవంబరులో ఒక మంగళవారం పొద్దున లక్ష్మన్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడున్నర బస్సుకి అనంతపురం పోవాలి, పెన్షను ఆఫీసులో తాను ఇంకా బతికే ఉన్నానని నిరూపించుకోవాలి, పొద్దు గూకేలోగా ఇల్లు చేరాలి. నిజానికి ఈ పని ఊళ్ళోనే వేలిముద్ర మిషను మీద అయిపోవలసింది. కానీ ముప్పై మూడేళ్ళు బస్సులో టికెట్లు చించిన బొటనవేలు నున్నగా అరిగిపోయి ఉంది. మిషను మూడుసార్లు చూసి, మూడుసార్లూ ఈయనెవరో తనకు తెలియదంది.

ఫారమంతా నింపేశాడు. ఒక్క సంతకం మిగిలిపోయింది. 'నేను ప్రస్తుతం ఎక్కడా ఏ ఉద్యోగమూ చేయడం లేదు' అన్న వాక్యం కింద ఒక గీత ఉంది. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతోంది. ఆ మాట అబద్ధమని కాదు, నిజం కాబట్టే. పదకొండు నెలలుగా తనలో తాను కుములుతున్న మాటను ఎవరో అచ్చు వేయించి, కింద సంతకం కూడా పెట్టమంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

లక్ష్మన్నది గుమ్మఘట్ట మండలంలో నల్లబండ అనే ఊరు. రోడ్డు పక్కనే ఇల్లు. రిటైరయ్యాక ఆయన ఇంట్లో కూర్చోవడం ఎవరూ చూడలేదు. కుర్చీ ఖాళీగా ఉన్నా గుంజకు ఆనుకొని నిలబడే పేపరు చదువుతాడు. పెళ్ళికి పోతే భోజనాల వరుసలో జనాన్ని ముందుకు జరగమంటాడు. భార్య రామాంజినమ్మ చెంబు తీసుకొని పెరట్లోకి పోతున్నా ఎక్కడికని అడుగుతాడు. ఆమె మొదట్లో నవ్వింది, తరువాత ఊరుకుంది, ఆ పొద్దున మాత్రం సద్ది కడుతూ ఒక మాట అనేసింది.

"ఏమయ్యా, పదకొండు నెల్లాయె. బస్సు యాడికో పోయింది. నువ్వు ఇంగ దిగు."

దిగమంటే దిగడానికి ఆయనకు ఇంకో చోటు లేదు. ఉన్నదల్లా గోడ మీద అద్దాల ఫ్రేములో ఒక కాగితం. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా లేని కండక్టరని రిటైరైన రోజు శాలువతో పాటు ఇచ్చారు. మెమో అంటే, నువ్వు చేసిన తప్పుకి నీ సంజాయిషీ ఏమిటని పై అధికారి రాసిచ్చే కాగితం. దాన్ని ఒక్కసారైనా అందుకోని కండక్టరు ఆ డిపోలో ఇంకొకడు లేడు. లక్ష్మన్న రోజూ ఆ అద్దం తుడుస్తాడు. ఆ పొద్దున కూడా తుడిచే బయలుదేరాడు.

ఏడున్నరకి బస్సు వచ్చింది. డ్రైవరు ఓబుళేసు తొమ్మిదేళ్ళు లక్ష్మన్నతో ఇదే రూటులో తిరిగినవాడు. వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. లక్ష్మన్న 'రైట్' అంటే బస్సు కదిలేది, 'హోల్డాన్' అంటే ఆగేది. తొమ్మిదేళ్ళలో ఇద్దరి మధ్య నడిచిన మాటలు చాలావరకు ఆ రెండే. కండక్టరు కృపాకుమారి చేరి ఏడు నెలలే అయింది. ఇంకా టెంపరరీ. మొదటి ఏడాదిలో ఒక్క మెమో పడితే చాలు, ఉద్యోగం ఊడుతుంది. ఇంటిల్లిపాదికీ ఆమె జీతమే ఆధారం.

లక్ష్మన్న ఆమె వెనక సీట్లోనే కూర్చున్నాడు. టికెట్ మిషను ఎలా పట్టుకోవాలో, మెట్ల మీద నిలబడిన వాళ్ళను ఎలా లోపలికి పంపాలో అడక్కపోయినా చెప్పాడు. ఆమె ఓపికగా విన్నది. తెల్లవారుజామున నాలుగున్నరకి డ్యూటీ ఎక్కిన మనిషి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లక్ష్మన్న తన నీళ్ళ సీసా అందించాడు.

"వద్దు సార్. మధ్యాహ్నం దాకా నేను నీళ్ళు తాగను."

చర్చికి పోయే పిల్ల కదా, ఏదో ఉపవాస ప్రార్థన అయి ఉంటుందని లక్ష్మన్న అనుకున్నాడు. ఈ కాలంలో ఇంత భక్తి ఎవరికి ఉందని మెచ్చుకున్నాడు కూడా. సర్వీసు మొత్తంలో లక్షల మందిని చూసిన మనిషి, ఎదుట ఉన్న ఒక్క మనిషిని చూడకపోవడం ఇలాగే జరుగుతుంది. తరువాత పక్క సీటాయనతో ఈ ఏడు వానల్లేక శనక్కాయ చెట్లకు బుడ్డలు పట్టని సంగతి కాసేపు మాట్లాడి, ఆ విచారంలోనే నిద్రపోయాడు.

ఎర్రగుడి స్టాపులో బస్సు ఆగింది. కృపాకుమారి ఓబుళేసుతో టీ తాగి వస్తానని చెప్పి, రోజూ లాగే మారెక్క టీ అంగడి పక్క సందులోకి పోయింది. గంపలతో, సంచులతో ఆరుగురు ఎక్కి కూర్చున్నారు. అప్పుడు లక్ష్మన్నకు మెలకువ వచ్చింది. బస్సు ఆగి ఉంది. జనం ఎక్కేశారు. మెట్ల దగ్గర ఎవరూ లేరు. ఇంజను తిరుగుతోంది. ఇన్నీ సరిగ్గా కుదిరాక లక్ష్మన్న బుర్రతో పనేముంది? చేయి దానంతట అదే లేచి బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసింది. గొంతు దానంతట అదే "రైట్... రైట్" అంది.

ముందు కూర్చున్న ఓబుళేసు చెవికి అది తొమ్మిదేళ్ళు విన్న గొంతు. పదకొండు నెలల కిందట పూలదండ వేసి ఆ గొంతును సాగనంపిన వాళ్ళలో తానూ ఒకడినన్న సంగతి చెవికి గుర్తు లేదు, కాలికి అసలే లేదు. బస్సు కదిలింది.

రెండు కిలోమీటర్లు పోయాక, సీతాఫలాల గంపతో ఎక్కిన ఓబులమ్మ ఆధార్ కార్డు చూపించి టికెట్టు కొట్టమంది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమే అయినా టికెట్టు మాత్రం కొట్టాలి. లక్ష్మన్న చేయి భుజం మీది సంచి కోసం వెతికింది. సంచి లేదు. కిందికి చూసుకుంటే ఖాకీ చొక్కా లేదు, పెన్షను ఆఫీసు కోసం వేసుకున్న తెల్ల చొక్కా ఉంది. కండక్టరు సీట్లో కృపాకుమారి హ్యాండుబ్యాగు ఒంటరిగా కూర్చొని ఉంది. ఆయనకు సంగతి అర్థమైంది. సీట్ల మధ్య నుంచి ముందుకు పోయి ఓబుళేసు భుజం తట్టాడు.

"ఓబుళేసూ, కండక్టరు లేదప్పా."

"మరి నువ్వు రైట్ అంటివి కదన్నా."

"నేను రిటైరైనోణ్ణి కదప్పా."

ఓబుళేసు రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే, "ఔను కదా," అన్నాడు.

వెంటనే వెనక్కి తిప్పుదామంటే కుదరలేదు. నీళ్ళ పైపుల కోసం రోడ్డుకి రెండు వైపులా కాలువలు తవ్వి పెట్టారు. పైపులు ఎప్పుడొస్తాయో తెలియదు, వాటిలోకి నీళ్ళు ఎప్పుడొస్తాయో అంతకన్నా తెలియదు, కాలువలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. బస్సు తిరగాలంటే ఇంకో మూడు కిలోమీటర్లు, నాగులమిట్ట క్రాసు దాకా పోవాల్సిందే.

ఇంతలో హ్యాండుబ్యాగులో ఫోను మోగింది. లక్ష్మన్న దాన్ని ముట్టుకోలేదు. ఆడపిల్ల సంచిలో చేయి పెట్టడం తప్పు, ఆమె ఫోను ఎత్తడం ఇంకా తప్పు. ఎత్తితే పోయేదేముందని ఓబులమ్మ అంది. అవతల మొగుడైతే మగ గొంతు విని ఏమనుకుంటాడో అని వెనక సీటు వాళ్ళు హెచ్చరించారు. బస్సు రెండు పార్టీలుగా చీలి వాదించుకుంటూ ఉండగా ఫోను పదకొండు సార్లు మోగి ఊరుకుంది. ఆ పదకొండు సార్లూ చేసింది కృపాకుమారే. మారెక్క మరిది గిరి ఫోను అడిగి తీసుకొని, నోటికి వచ్చిన ఒకే ఒక్క నంబరు తనదే కాబట్టి దానికే చేస్తూ, ఇంతమందిలో ఒక్కరైనా ఎత్తరా అని ఏడుపు ఆపుకుంటోంది.

ఎవరూ ఎత్తకపోయేసరికి గిరి ఆమెను మోటారు సైకిలు ఎక్కించుకొని వంక దారి పట్టాడు. ఆ వంకలో నీళ్ళు పారి ఆరేళ్ళు దాటింది. ఇప్పుడది ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అడ్డదారి. వాళ్ళు వంకలో నాగులమిట్ట వైపు పోతుండగానే బస్సు నాగులమిట్టలో తిరిగి, రోడ్డు మీద ఎర్రగుడికి వచ్చేసింది. అంగడి ముందు చీపురుతో నిలబడిన మారెక్క బస్సును కాక లక్ష్మన్ననే చూసి మాట్లాడింది.

"ఆ పాప బస్సును నమ్మి దిగితే ఇడిసిపెట్టి పోతివా? గిరిగాడు వంకలో ఎంట తీసుకొని పోయినాడు. పో, నువ్వూ పో."

బస్సు మళ్ళీ నాగులమిట్టకి పోయింది. అక్కడ గొర్రెల కాపరి ఒకడు, వాళ్ళు వచ్చారని, బస్సు వెనక్కి పోయిందని తానే చెబితే మళ్ళీ వంకలో పడి వెనక్కే పోయారని, ఎంతో సాయం చేసినవాడిలా చెప్పాడు. లక్ష్మన్నకు అప్పుడు తెలివి వచ్చింది. ఇద్దరూ తిరుగుతూ ఉంటే ఇద్దరూ కలవరు, ఒకరు కదలకుండా ఉండాలి. బస్సును అక్కడే ఆపించాడు. సరిగ్గా అదే సమయానికి ఎర్రగుడిలో కృపాకుమారికి కూడా అదే తెలివి వచ్చింది. రెండు చోట్లా తెలివిగా అరగంట కూర్చున్నారు.

ఆ అరగంటలో క్రాసులో ఎదురుచూస్తున్న వాళ్ళు నలుగురు ఎక్కారు, రెండు గొర్రెపిల్లలతో ఒకాయన కూడా ఎక్కాడు. లక్ష్మన్న గంపలు సర్దాడు, ముసలామెకు కిటికీ పక్కన చోటు చేయించాడు, గొర్రెపిల్లల్ని డ్రైవరు వెనక్కి పంపాడు. సిగ్గుపడాల్సిన సంగతే కానీ చెప్పకపోతే అబద్ధమవుతుంది. అంత భయంలోనూ ఆయనకు సంతోషంగా ఉంది. పదకొండు నెలల తరువాత తన మాట విని ఎవరో జరిగారు.

అయితే ఎర్రగుడిలో మారెక్క ఊరుకోలేదు. డిపోకి ఫోను చేసి, కండక్టరమ్మ ఇక్కడే ఉండిపోయిందని, ఖాకీ చొక్కా లేని ముసలాయనొకడు బస్సును తోలించుకొని పోయాడని చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కానీ ఆ మాట డిపోలో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పోయి, ఆ దరిదాపుల్లోనే తనిఖీలో ఉన్న ఇన్‌స్పెక్టరు విజయభాస్కర్ చెవిన పడేసరికి, ఎవరో కండక్టరును తోసేసి బస్సు ఎత్తుకుపోయారని అయింది. జీపు దుమ్ము రేపుకుంటూ నాగులమిట్టకి వచ్చింది.

జీపు దిగిన విజయభాస్కర్‌కు దొంగ బదులు లక్ష్మన్న కనిపించాడు. ఒకప్పుడు పని నేర్చుకోవడానికి డిపో వాళ్ళు విజయభాస్కర్‌ను పంపింది లక్ష్మన్న బస్సులోకే. అందుకని ముందు నమస్కారం పెట్టి, తరువాత బస్సెక్కి చూశాడు. పదకొండు మందికి టికెట్లు లేవు. టికెట్టు లేని ప్రయాణికుడు దొరికితే మెమో కండక్టరుకే పడుతుంది. అంతలో వంకలోంచి గిరి బండి పైకి వచ్చింది. వెనక కూర్చున్న కృపాకుమారి నెత్తి నుంచి కాళ్ళ దాకా మట్టి. కూర్చొని కూర్చొని ఓర్పు నశించి ఇంకోసారి బయలుదేరారట. బస్సును చూసి నవ్వబోయిన మనిషి జీపును చూసి ఆగిపోయింది. బస్సు వదిలిపెట్టి ఎక్కడికి పోయావని విజయభాస్కర్ అందరి ముందూ అడిగాడు.

"టీ తాగేకి పోయినా సార్."

డ్యూటీలో టికెట్లు కొట్టకుండా టీ ఏమిటని ఇన్‌స్పెక్టరు మెమో పుస్తకం తీశాడు. ఎలాగైనా ఆమెను కాపాడాలని ఓబుళేసు స్టీరింగు దగ్గర నుంచే అడ్డం పడ్డాడు.

"ఆ పాపకి టీ అలవాటే లేదు సార్. టీ కాదు, నీళ్ళే తాగదు."

కృపాకుమారి తల వంచుకుంది. లక్ష్మన్నకు పొద్దుటి నీళ్ళ సీసా గుర్తొచ్చింది. టీ తాగని పిల్ల రోజూ టీకి దిగుతుంది. మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టదు. అది ఉపవాసమూ కాదు, భక్తీ కాదు. తన రోజుల్లో బస్సు ఎక్కడ ఆపినా ఒక తుమ్మచెట్టో, ఒక మొండిగోడో ఉండేది. దాని కోసం ఎవరినీ అడగలేదు, దాని గురించి ఆలోచించిందీ లేదు. కిందటి ఏడు దాకా ఇదే బస్సులో తిరిగి, ఈ ఒక్క సంగతి తెలియనివాడు తెలివైన సలహాలు ఇచ్చాడు. ఆయనకు చాలా సిగ్గేసింది. ఇప్పుడు ఆ పిల్లకు ఉద్యోగం పోతే అది తన నోటి వల్ల పోతుంది. విజయభాస్కర్ ఎదుటికి పోయి నిలబడ్డాడు.

"రైట్ అన్నది నేను. బస్సును పోనిచ్చింది నేను. మెమో నా పేరు మీద రాయప్పా."

చుట్టూ ఉన్నవాళ్ళకు అది మామూలు మాట. విజయభాస్కర్‌కు కాదు. ఆ ఫ్రేము ఇచ్చిన రోజు చప్పట్లు కొట్టిన వాళ్ళలో అతనూ ఉన్నాడు. పెన్ను తీసి, ఫారం వైపు చూసి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. స్టాఫ్ నంబరు రాయాలి, లక్ష్మన్న నంబరు రద్దయి ఏడాది కావస్తోంది. హోదా రాయాలి, అది లేదు. జీతంలో కోత అన్న గడిలో ఏమి రాయాలో అసలే తెలియదు. రిటైరైన వాళ్ళకు మెమో ఇచ్చే ఫారం లేదని చెప్పాడు. లక్ష్మన్నకు అప్పుడు కోపం వచ్చింది.

"ముప్పై మూడేండ్లు చేసినోనికి ఒక్క మెమో ఇచ్చేకి కాదా?"

"ఇయ్యల్లంటే నువ్వు ఉద్యోగంలో ఉండల్ల కదన్నా."

జీవితమంతా మెమోకి భయపడి బతికిన మనిషి, ఇప్పుడు బతిమాలినా అది దొరకక నడిరోడ్డు మీద నిలబడ్డాడు. ఎవరో ఒకరి పేరు రాయకుండా పుస్తకం మూయడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టరు మళ్ళీ కృపాకుమారి వైపు తిరిగాడు. అప్పుడు బస్సు కిటికీలోంచి ఓబులమ్మ తల బయట పెట్టింది.

"టికెట్లు యాడుంటాయి సారూ? మేమంతా ఇప్పుడే ఈడే ఎక్కితిమి."

టికెట్లు లేని పదకొండు మందే కాక, టికెట్లు ఉన్నవాళ్ళు కూడా తామూ ఇక్కడే ఎక్కామన్నారు. విజయభాస్కర్ చుట్టూ చూశాడు. నాగులమిట్ట క్రాసులో ఇల్లు లేదు, అంగడి లేదు, ఒకే ఒక్క తుమ్మచెట్టు ఉంది. నలభై మంది, తొమ్మిది గంపలు, రెండు గొర్రెపిల్లలు ఆ చెట్టు కింద బస్సు కోసం ఎదురు చూశారని నమ్మడం కష్టం. అతను నమ్మలేదు. లక్ష్మన్న అతన్ని జీపు అవతలికి తీసుకుపోయి మెల్లగా మాట్లాడాడు.

"నా బస్సులోనే నువ్వు పని నేర్చుకుంటివి. ఎర్రగుడి గోడ ఎనక ఇద్దరమూ ఎన్ని తూర్లు నిలబడినామో నీకు ఎరికే. ఆ పాప యాడికి పోవల్ల?"

విజయభాస్కర్ మెమో పుస్తకం జేబులో పెట్టి, బస్సు వేళలు రాసే లాగ్‌బుక్కు తెప్పించి, గొర్రెలు అడ్డం వచ్చినందున గంటా నలభై నిమిషాలు ఆలస్యమైందని రాశాడు. గొర్రెపిల్లల ఆయన దిగి వచ్చి, కేసు తన మీద పడుతుందా అని అడిగాడు. కృపాకుమారి టికెట్లు లేనివాళ్ళందరికీ అక్కడే టికెట్లు కొట్టింది. లక్ష్మన్న తన సీట్లో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. బస్సు అనంతపురం చేరేసరికి పెన్షను ఆఫీసులో భోజనాల వేళ, ఆ తరువాత కంప్యూటరు పని చేయని వేళ. బతికున్నట్టు కాగితం లేకుండానే ఇల్లు చేరాడు.

రామాంజినమ్మకు జరిగిందంతా చెప్పి, గోడ మీది ఫ్రేము తీసి కింద పెట్టాడు. కాగితం మీద మెమో పడకపోయినా తన లెక్కలో పడిందని, అబద్ధాన్ని రోజూ తుడవలేనని అన్నాడు. ఆమె ఫ్రేము సంగతి పట్టించుకోలేదు. కృపాకుమారి నీళ్ళు తాగదన్న చోటే ఆమె ఆగిపోయింది. చెల్లెలి ఊరికి బస్సులో పోయేటప్పుడు తానూ పొద్దుటి నుంచి నీళ్ళు తాగనని, ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుడికి చెప్పింది. వంటింట్లోకి పోయి ఏదో వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెరటి బాత్రూము తాళంచెవి.

"ఆ మేకు ఖాళీగానే ఉండాది కదా. దీన్ని తగిలించు."

మరుసటి రోజు ఏడున్నరకి లక్ష్మన్న రోడ్డు మీదికి వచ్చి చేయి అడ్డం పెట్టి "హోల్డాన్" అన్నాడు. బస్సు ఆగింది. కృపాకుమారికి తాళంచెవి ఇచ్చాడు, రామాంజినమ్మ దారి చూపించింది. వెనకాలే సీతాఫలాల ఓబులమ్మ దిగింది, ఇంకో ఇద్దరు దిగారు. ఆ రోజు నుంచి ఏడున్నర బస్సు నల్లబండలో ఐదు నిమిషాలు ఆగుతోంది. రెండో వారానికి ఎదురు బస్సు కండక్టరమ్మకు కూడా సంగతి తెలిసింది. నల్లబండలో కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది కాబట్టి లక్ష్మన్న తెల్లవారగానే బోరింగు దగ్గర నాలుగు బిందెలు కొట్టి తెస్తాడు. బాత్రూముకి లోపలి గడియ కొత్తది వేయించాడు. బస్సు ఆగి ఉన్నంతసేపూ డ్రైవరు ఎదుట నిలబడతాడు. ఎంత తొందరలో ఉన్న ప్రయాణికుడు అరిచినా, కృపాకుమారి ఎక్కి తానే 'రైట్' అనేదాకా పక్కకి జరగడు. ఇప్పుడామె పొద్దునే నీళ్ళు తాగుతోంది.

నెలాఖరులో లక్ష్మన్న తాళంచెవి భార్యకు అప్పగించి, ఆమె దగ్గర ఒక్క రోజు లీవు తీసుకొని అనంతపురం పోయాడు. పెన్షను ఆఫీసు గుమస్తా ఆయన్ను, ఆధార్ కార్డునూ మార్చి మార్చి చూసి, బతికే ఉన్నారని ఒప్పుకున్నాడు. ఫారం తిప్పి చూసి, ఒక సంతకం మిగిలిపోయిందని, ఎక్కడైనా ఉద్యోగం చేస్తున్నారా అని అడిగాడు. లక్ష్మన్న ఆ గీత వైపు కాసేపు చూసి, ఆలోచించాడు.

జీతం లేదు కాబట్టి, చేయడం లేదనే సంతకం పెట్టాడు.